చెట్టు ఉంటేనే బొమ్మ



ఈ రోజు కొండపల్లి గురించి చెప్పుకుందాం. అది విజయవాడకు దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. ఊరి పక్కనే కొండ. కొండ మీద కోట. అది 14వ శతాబ్దం నాటిది. రాజులు పోయారు. గోడలు మిగిలాయి.

ఆ ఊరికి పేరు తెచ్చింది మాత్రం బొమ్మ. దసరాకీ, సంక్రాంతికీ బొమ్మల కొలువు పెడతారు కదా! అందులో దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి ఉంటాయి. అవన్నీ తెల్ల పొనికి కర్రతో చేసినవే. ఆ కర్ర మెత్తన, తేలిక. ముందు తడి పోయేలా సెగ చూపిస్తారు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. సున్నం పూస్తారు. ఆరాక రంగులు వేస్తారు. ఇంటిల్లిపాదీ కష్టపడితేనే బొమ్మ తయారవుతుంది.

అయితే ఒక చిక్కు వచ్చింది. పొనికి చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. నరకడానికి ఒక్క పూట చాలు. నరికినంత నాటలేదు. ఇప్పుడు కర్ర దొరకడం కష్టమైంది. కర్ర లేకపోతే ఉలి ఎందుకు? పిల్లలు తాతల పని వదిలి వేరే పనికి పోతారు.

మరి మనమేం చెయ్యాలి? చెట్టు కొట్టిన చోట మొక్క నాటాలి. దాన్ని మేకల నుంచి కాపాడాలి. కోట చూడటానికి వెళితే గోడల మీద పేర్లు చెక్కొద్దు. మనం అక్షరం నేర్చుకున్నది అందుకు కాదు.

చెట్టు ఉంటేనే బొమ్మ. బొమ్మ ఉంటేనే ఆ ఇళ్లలో కూడు. ఈ మాట ఇంటికెళ్లి మీ పిల్లలకు చదివి వినిపించండి.