గచ్చకాయ వన్నె పిల్లి

ప్రయాణమైన మనిషికి పిల్లి ఎదురైతే, మన పెద్దలు ఇంట్లోకి తిరిగివచ్చి, కాళ్లు కడుగుకొని, కొంతసేపు కూర్చుండి గాని మళ్లీ గడప దాటరు. అదే పిల్లిని థాయిలాండు ప్రజలు పెండ్లికూతురికి కానుకగా ఇచ్చారు. వానల కోసం ఊరేగించారు. రాజు పట్టాభిషిక్తుడై మందిరప్రవేశం చేసేటప్పుడు వడ్లు, నువ్వులు, గుమ్మడికాయ, నూరురాయి మొదలైన మంగళద్రవ్యాలతోపాటు పిల్లినీ వెంట తీసుకొనిపోవడం అక్కడి ఆచారం. 2019లో జరిగిన పట్టాభిషేకంలోనూ లోకమంతా దీనిని చూచినది. శకునమన్నది పిల్లిలో లేదు, చూచేవారి మనస్సులో ఉన్నదనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

మనం గజశాస్త్రం, అశ్వశాస్త్రం వ్రాసుకొన్నట్లే థాయి ప్రజలు మార్జాలశాస్త్రం వ్రాసుకొన్నారు. దాని పేరు ‘తామ్రా మేవ్’. మడతలు మడతలుగా విప్పే కాగితపు పుస్తకాలలో, పిల్లుల లక్షణాలను పద్యాలలో చెప్పి, పక్కనే బొమ్మలు గీచారు. నేడు మిగిలిన ప్రతులలో ఎక్కువభాగం 19వ శతాబ్దివి. సంప్రదాయం మాత్రం అయుధ్య రాజ్యకాలం నాటిదంటారు. సాధారణంగా పదిహేడు శుభజాతులను, ఆరు అశుభజాతులను అందులో వర్ణిస్తారు. ఆ పేర్లు మన చెవికి కొత్తవి కావు. రాగివన్నె పిల్లి ‘సుఫలక్’, అనగా మన శుభలక్షణమే. 

ఈ శుభజాతులలో కోరాట్ పిల్లి ఒకటి. ఈశాన్య థాయిలాండులోని నఖోన్ రాచసీమా నగరానికి వాడుకపేరు కోరాట్. పిల్లికి ఆ పేరు పెట్టినవాడు చులాలాంగ్‌కార్న్ మహారాజని చెప్పుకొంటారు. కాని ప్రజలు పెట్టుకొన్న పేరు ‘సీ సవాత్’. సీ అంటే రంగు. సవాత్ మరేదో కాదు, మన పల్లెల్లో ఆడపిల్లలు ఎగురవేసి పట్టుకొనే గచ్చకాయ. నున్నని బూడిదవన్నె, దానిపై లేత మెరుపు. ఈ పిల్లి ఒంటిమీది వెంట్రుక ప్రతిదీ మొదట లేతగా మొదలై, పోనుపోను ముదురై, కొనకు వెండి తాకినట్లు ముగుస్తుంది. ముఖం తమలపాకు ఆకారంలో ఉంటుంది. పిల్లతనంలో పసుపుగా ఉన్న కన్నులు రెండు నాలుగేండ్లకు గాని నిండు ఆకుపచ్చకు తిరగవు.

థాయి భాషలో ప్రేమను తెలిపే మరొక మాటకూ గచ్చకాయ పేరుకూ ఉచ్చారణ ఒక్కటే. కొత్త దంపతులకు ఈ పిల్లుల జంటను కానుకగా ఇచ్చే ఆచారానికి ఆ మాట ఎంత చక్కగా అమరినదో చూడండి. ఈ పిల్లిని ఇచ్చిపుచ్చుకోవలెనే గాని అమ్మరాదన్నది పాతకాలపు మర్యాద.

పైరు ఎండే వేళ దీనికి మరొక బాధ్యత. మేని రంగు వానమబ్బును, కంటి రంగు లేత వరిపైరును తలపిస్తాయి గదా! వానలు పట్టని ఏట పిల్లిని వెదురుబుట్టలో ఉంచి, పాటలతో ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివారూ దానిపై నీళ్లు చల్లుతారు. మన ఊళ్లలో రోకలికి కప్పను కట్టి, వీధులవెంట తిప్పి, నీళ్లు పోయించే వేడుక ఎరిగినవారికి ఇది వింత కాదు. మూగజీవిని బాధపెట్టరాదని ఈమధ్య కొన్నిచోట్ల బొమ్మపిల్లిని ఊరేగిస్తున్నారు.

ఇంత ఆదరమున్న జాతి అరుదెందుకైనది? తల్లి, తండ్రి ఇద్దరినుండీ సంక్రమిస్తే గాని ఆ బూడిదవన్నె పైకి కనిపించదు. వీధిపిల్లితో జతకూడితే సాధారణంగా ఒక తరంలోనే వన్నె మరుగున పడుతుంది. 1959లో ఒక జంట అమెరికా చేరినది. 1966లో అక్కడి ప్రధాన మార్జాల సంఘం ఈ జాతిని గుర్తించినది. పూర్వీకులు థాయిలాండునుండి వచ్చినట్లు వంశక్రమం చూపవలెనన్న నియమం పెట్టి, రూపం చెడకుండా కాపాడారు. అయితే కొద్ది పిల్లులలోనే సంతానం సాగినందువల్ల పుట్టుకతో వచ్చే ఒక నరాలవ్యాధి బయటపడినది. పిల్లలు కొద్దినెలలకే వణుకుతో కాళ్లు పట్టుతప్పి మరణించేవి. ఇప్పుడు జన్యుపరీక్షతో వ్యాధిబీజం మోసే పిల్లులను గుర్తించి, అటువంటివి రెండింటిని జతచేయకుండా జాగ్రత్తపడుతున్నారు.

2025 నవంబరులో థాయి మంత్రివర్గం దేశీయ పిల్లులను జాతీయ చిహ్నంగా ఆమోదించినది. వాటిలో కోరాట్ ఒకటి. గౌరవం మంచిదే. కాని గుర్తుంచుకోదగిన విషయం ఒకటున్నది. ఈ పిల్లిని ఇన్నాళ్లు నిలిపినది ఉత్తరువు కాదు. గ్రంథంలో రూపం వ్రాసిపెట్టిన కవీ, బొమ్మ గీచిన చిత్రకారుడూ, అమ్మకుండా కూతురితోపాటు అత్తవారింటికి పంపిన తల్లీ దానిని నిలిపారు. ఒక ప్రాణికి మనుష్యుల బ్రతుకులో పని, పేరు, ప్రేమ ఉన్నంతకాలం దానికి చోటు ఉంటుంది. ఆ మూడూ పోయిననాడు మిగిలేది బొమ్మ మాత్రమే.