పెట్రోమాక్స్ లైటు ఒక పక్కే వెలుగుతోందా?



దసరాకు ఇల్లు దులుపుతుంటే అటక మీద పాత పెట్రోమాక్స్ లైటు కనిపించిందా? పాతసామాన్లవాడికి వేసేయకండి. ఇంట్లో ఇన్వర్టరుండగా దానితో ఏం పని అంటారేమో! గాలివానకు కరెంటు స్తంభాలు పడిపోతే ఇన్వర్టరు ఎన్ని గంటలు ఆదుకుంటుంది? అయితే ఆ లైటు తీరు తెలియకుండా ముట్టుకోకూడదు. తెలియకపోతే ఏమవుతుందో నేను చిన్నప్పుడే చూశాను.

మాది పులివెందుల దగ్గర పల్లె. జమ్మలమడుగులో మా పిన్నమ్మ పెళ్లికి వెళ్లాం. రాత్రి భోజనాల పందిట్లో లైటు ఒక పక్క తెల్లగా, ఒక పక్క మసకగా వెలగసాగింది. "గాలి చాల్లేదు" అంటూ మా మామ పంపు కొట్టడం మొదలుపెట్టాడు. మాంటిల్‌కు చిల్లి పడిందని ఎవరూ చూడలేదు. ఆ చిల్లిలోంచి మంట సూదిలా వచ్చి తగిలేసరికి గాజు ఠప్పున పగిలింది. విస్తళ్లు వేస్తున్న మా అక్క ముంజేయి తెగింది. "నొప్పి యాడుందో దీపం చెప్తానే ఉంది గదరా, చూడకుండా గాలి కొడితే ఎట్ల?" అనింది మా అవ్వ. అక్క చేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ప్రొద్దుటూరికి కాపురానికి వచ్చాక, చూడడం ఎట్లాగో మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. అదే మీకూ చెబుతాను.

పెట్రోమాక్స్ 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టింది. ట్యాంకులోని గాలి కిరసనాయిలును పైకి నెడుతుంది. వేడెక్కిన గొట్టంలో అది ఆవిరై, సన్నని రంధ్రంలోంచి దూసుకువచ్చి, బయటి గాలితో కలిసి మాంటిల్‌లో మండుతుంది. నూనె, గాలి, వేడి, ఈ మూడూ సరిపోతేనే వెలుగు సమంగా ఉంటుంది. ఏది తప్పిందో వెలుగే చెబుతుంది.

ఒక పక్కే వెలుగుతోందా? మాంటిల్‌కు చిల్లి పడి ఉండవచ్చు, లేదా కట్టేటప్పుడు మడతలన్నీ ఒకవైపే పోగై ఉండవచ్చు. కొత్తది తెచ్చి, చుట్టూ సమంగా సర్ది కట్టండి. ఒకసారి కాలాక అది వట్టి బూడిద వల, వేలు తగలనీయకండి.

మాంటిల్ మీద నల్లమచ్చలు పడుతున్నాయా? మొదట స్పిరిట్‌తో చాలినంత వేడి చేయలేదన్నమాట. లేదా గాలి వెళ్లే గొట్టంలో సాలెగూడు అడ్డం పడి ఉంటుంది. అటక మీది లైటుకు ఇది మామూలే.

వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఊగుతోందా? రంధ్రంలో నలక గానీ, నూనెలో నీళ్లు గానీ ఉన్నట్టు. పిన్ను ఒకసారి తిప్పి చూడండి. నూనెను గాజుసీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు దిగుతాయి. పైనున్న నూనెను గుడ్డలో వడకట్టి వాడండి.

మెల్లమెల్లగా మసకబారుతోందా? అప్పుడు గాలి పోతున్నట్టు. ఆరిన లైటుకు గాలి కొట్టి, మూత చుట్టూ సబ్బు నురుగు రాయండి, బుడగలొస్తే వాషర్ మార్చండి. పంపులోని తోలు వాషర్ ఎండిపోయి ఉంటే రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయండి.

ఇవన్నీ చూశాకే గాలి కొట్టండి, అదీ మీటరు మీది ఎర్రగీత వరకే. ట్యాంకులో ముప్పాతిక వంతు మించి నూనె పోయకండి. పొరపాటున కూడా పెట్రోలు పోయకండి. లైటు ఆర్పి, గాలి వదిలి, చల్లారాకే మూత విప్పండి. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో వెలిగిస్తే విషవాయువు చేరుతుంది, జాగ్రత్త.

ఇంకొక మాట. పాత మాంటిళ్లలో థోరియం ఉండేది. అది కొద్దిపాటి రేడియోధార్మికత గల లోహం. రాలిన బూడిదను నోటితో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కోండి. పిల్లల్ని దగ్గరకు రానీయకండి.

ఈసారి లైటు మసకబారితే చెయ్యి పంపు మీదికి పోకముందే కన్ను మాంటిల్ మీదికి పోనివ్వండి. మా అవ్వ మాట ఆ రోజు ఎవరైనా ముందే విని ఉంటే, మా అక్క చేతికి ఆ మచ్చ ఉండేది కాదు.