కత్తెరపురుగు కణముల పుట్టుక, చావు



మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో మొక్కజొన్న వేసినవారికి కత్తెరపురుగును గూర్చి నేను వర్ణించి చెప్పవలసిన పనిలేదు. అమెరికా ఖండమున పుట్టిన యీ పురుగు మన దేశమున మొట్టమొదట 2018 వ సంవత్సరమున కర్ణాటకమునందు కనబడి, ఆ యేడే మన తెలుగునేలకును ప్రాకినది. దానిని చంపుట యెట్లని మనము తలపట్టుకొనుచుండగా, దాని దేహకణములను బ్రతికించి పెంచుట యెట్లని శ్రమపడువారును లోకమున కలరు. నేటి నా ప్రసంగము వారి పనిని గూర్చినది.

1977 లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు, కోశస్థదశలోనున్న యీ పురుగు యొక్క అండాశయమునుండి కొన్ని కణములను తీసి సీసాలో పెంచిరి. 1983 లో వానిలో ఒక్క కణపు సంతానమును వేఱుచేసి, దానికి ఎస్.ఎఫ్. 9 అని పేరిడిరి. రెక్కలు వచ్చిన పిదప ఆ పురుగు రెండు మూడు వారములకు మించి బ్రతుకుట అరుదు. ఆ కణముల సంతతి మాత్రము నేటికిని వృద్ధిపొందుచునే యున్నది. ఒక్కొక కణము రెండగును, రెండు నాలుగగును.

ఈ కణములను పెంచు పెద్ద పాత్రను బయోరియాక్టరు అందురు. అందలి ద్రవములో చక్కెర, లవణములు, మాంసకృత్తుల మూలద్రవ్యములు ఉండును. వేడి 27 డిగ్రీలు చాలును. మన యెండలకు అలవాటుపడినవారికి అది చల్లదనమే. అడుగునుండి గాలి పంపుచు, ఒక తెడ్డుతో మెల్లగా కలుపుచుందురు. క్రొత్తచోటునకు అలవాటుపడునంతవఱకు కణములు ఊరకుండును. పిదప ఇంచుమించు దినమునకు రెట్టింపగును. మిల్లీలీటరునకు 5 లక్షలున్నవి నాలుగుమాఱులు రెట్టించినచో 80 లక్షలు.

పిమ్మట పెరుగుదల నిలిచిపోవును. ఎందువలన? వేసవిలో నీరు తగ్గిన చెరువున తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుట మీరు చూచియుందురు. ఈ పాత్రయు అట్టి చెరువే. కణములు హెచ్చినకొలది ప్రాణవాయువు చాలక, చక్కెర సగమే ఖర్చయి, పుల్లని లాక్టికామ్లము మిగులును. ఆహారము తఱుగును. చావు మొదలగును. చచ్చినవానిని గుర్తించుటకు ట్రిపాన్ బ్లూ అను నీలిరంగు కలుపుదురు. బ్రతికియున్న కణము ఆ రంగును లోనికి రానీయదు. చచ్చినది నీలముగా మాఱును. కావలివాడు లేని యింట నెవడైనను దూరును గదా!

గాలి తక్కువైన ప్రమాదమని ఎక్కువగా ఊదినను చిక్కే. బుడగలు పైకి వచ్చి పగులునపుడు, వానికి అంటుకొనియున్న కణములును చినిగిపోవును. చెట్ల కణములకున్నట్లు వీనికి గట్టిగోడ లేదు. అందువలన అవి బుడగలకు అంటకుండ ప్లూరానిక్ అను జారుడుద్రవ్యమును కలుపుదురు. ప్రాణమిచ్చు గాలియే ప్రాణము తీయుట నాకు మిక్కిలి వింతగా తోచినది.

ఇక మూడవ చావు. దీనిని మనుష్యులే కోరి తెత్తురు. శనగ, కంది చేలలో పచ్చపురుగునకు ఎన్.పి.వి. ద్రావణము చల్లినవారు, చచ్చిన పురుగు కొమ్మకు తలక్రిందుగా వ్రేలాడుటను ఎఱుగుదురు. ఆ వైరసు జాతికి చెందినదానినే తీసికొని, తమకు కావలసిన ప్రోటీనును చేయించు జన్యువును అందు చేర్చి, పాత్రలో విడుతురు. వైరసు సోకిన కణము విభజన మాని, ఉబ్బి, ఆ ప్రోటీనును తయారుచేయును. నిజమునకు శత్రువు ప్రవేశించినపుడు తన్నుతాను చంపుకొని ఇరుగుపొరుగులను కాపాడు నేర్పు కణమునకు కలదు. కాని వైరసునందలి పి 35 అను జన్యువు ఆ ఆత్మత్యాగమును అడ్డగించునని 1991 లో తెలిసినది. ఇల్లు దోచుకొనువఱకు యజమానిని చావనీయని దొంగ యిది.

ఆ యజమాని యెల్లకాలమును నిలువడు. సామాన్యముగా రెండు మూడు దినములలో పంట చేతికి రావలెను. ముందుగా తీసినచో ప్రోటీను చాలదు; ఆలస్యమైనచో కణములు పగిలి, వానిలోని జీర్ణద్రవ్యములు చేసినదానినే కొఱికివేయును. కందికాయ చిట్లకముందే కోయవలెనను తొందర వంటిదే యిది. అందుచేత ప్రతిదినమును కొంత ద్రవము తీసి, బ్రతికినవెన్ని, నీలమైనవెన్ని అని లెక్కించుచుందురు.

పూనా నగరమందలి సీరమ్ సంస్థ తయారుచేసిన కోవోవాక్స్ అను కోవిడ్ టీకా ప్రోటీను ఇట్టి కణములలో పండినదే. 2021 డిసెంబరులో దానికి మన దేశమున అనుమతి లభించెను. ఈ సంగతి చెప్పినపుడు మా యూరి పెద్ద ఒకాయన, "అయ్యవారూ, అయితే సూదిలో పురుగును ఎక్కిస్తారా?" అని అడిగెను. హాస్యమునకు కాదు, నిజముగనే భయపడి అడిగెను. కణములను వేఱుచేసి, వానినుండి ప్రోటీనును విడదీసి, పలుమాఱులు శుద్ధిచేయుదురనియు, కణపుశేషము లేశమాత్రము మిగిలినను అది ప్రాణమున్న పురుగు కాదనియు, ఆ వైరసు మనుష్యదేహమున వృద్ధిపొందదనియు చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "మరి రాత్రిపూట ఆ పాత్రకు కాపలా ఎవరు?" అని అడిగెను. గాలిని, వేడిని యంత్రములు కనిపెట్టుచుండును. వానిని కనిపెట్టుటకు మనుష్యులు వంతులవారీగా మేలుకొందురని చెప్పితిని. మడవ వేసి రాత్రులు నీరు కాచిన మనిషి గనుక, ఆ మాట ఆయనకు వెంటనే తెలిసినది.