కాయకు పరీక్ష సరే, మందు కొట్టిన మనిషికి?



ఒట్టన్‌చత్రం అనగానే గుర్తొచ్చేది కూరగాయల మార్కెట్టు. దిండిగల్ జిల్లాలోని ఈ ఊరి నుంచి మునక్కాయలు, టమాటాలు, వంకాయలు లారీలకెక్కి కేరళకు పోతాయి. 2015లో తమిళనాడు కూరగాయల్లో పురుగుమందు ఎక్కువగా ఉందని కేరళ అభ్యంతరం చెప్పినప్పుడు ఇక్కడ చాలామందికి కోపం వచ్చింది. కోపం పక్కనబెట్టి, ఆ పరీక్ష ఏమిటో ముందు తెలుసుకుందాం.

తిరువనంతపురం దగ్గర వెళ్ళాయణిలో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాల ఉంది. 2013 నుంచి బజారు కూరగాయలను పరీక్షించి, ఫలితాలను ప్రజల ముందు పెడుతోంది. ఇలాంటి ప్రయోగశాలల్లో కాయలను మెత్తగా రుబ్బి, అందులో 10 లేదా 15 గ్రాములు తీసి, అసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి కుదుపుతారు. మందు ఆ ద్రావకంలోకి దిగుతుంది. మెగ్నీషియం సల్ఫేట్‌తో నీటిని తీసేసి, యంత్రంలో గిరగిరా తిప్పి, తేటను వేరు చేస్తారు. ఆ తేటలో ఏ మందు ఎంత ఉందో మరో యంత్రం చెబుతుంది. మన దేశంలో పరిమితి నిర్ణయించని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని నియమం. అంటే వంద కిలోల వంకాయల్లో ఒక్క మిల్లీగ్రాము!

పరిమితి దాటిన కాయ తిన్నవాళ్లందరూ అప్పుడే జబ్బు పడతారని కాదు. ఎక్కడో నియమం తప్పారని ఆ అంకె చెబుతుంది. మందు కొట్టాక ఆగాల్సిన రోజులు ఆగకుండా కోసి ఉండవచ్చు. లేదా వాడకూడని మందు వాడి ఉండవచ్చు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు.

ఇంతవరకు తినేవాళ్ల సంగతి. మరి మందు కొట్టేవాళ్లో?

ఈ పశ్చిమ తమిళనాడులో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతియార్లు తరతరాలుగా పొలం కూలీలు. వీపున ట్యాంకు, కాళ్లకు చెప్పుల్లేవు, ముక్కుకు తువ్వాలు. కాయ మీద మిగిలిన మందును మిల్లీగ్రాముల్లో కొలుస్తున్నాం. ఆ మనిషి ఒంట్లోకి పోయిన మందును ఎవరు కొలుస్తున్నారు? కొలవలేక కాదు. ఆర్గానోఫాస్ఫేట్ మందుల ప్రభావాన్ని కోలినెస్టరేజ్ అనే రక్తపరీక్ష పట్టిస్తుంది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తిచేలకు మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు. అప్పుడుగాని దేశం అటు చూడలేదు.

మేమూ ఒక తప్పు ఒప్పుకోవాలి. కోత పండుగనాడు బలిపీఠం ముందు కూరగాయలు రాశి పోసి ప్రార్థన చేశాం. వీటికి మందు కొట్టినవాడు ఎలా ఉన్నాడని ఏనాడూ అడగలేదు. బిగబట్టిన కూలి దేవుని చెవిని చేరుతుందని యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. పాడైన ఆరోగ్యం కూడా బాకీయే కదా!

కనుక మూడు పనులు చేద్దాం. రైతులు మందు డబ్బా మీద రాసిన గడువు ఆగి కోయాలి. ఆ రాత కూలీలకు వాళ్ల భాషలో చదివి చెప్పాలి. చేతి తొడుగులు, సబ్బు, నీళ్లు కూలితోపాటే ఇవ్వాలి. సీజనుకు ముందొకసారి, తరువాత ఒకసారి కూలీలకు రక్తపరీక్ష చేయించాలి. 1955 నుంచి ఈ ఊళ్లో క్రిస్టియన్ ఫెలోషిప్ ఆసుపత్రి ఉంది. వెళ్లి సాయం అడుగుదాం.

వచ్చే కోత పండుగకు కూరగాయలతోపాటు ఆ కూలీలనూ ముందు వరుసకు పిలుద్దాం. వాళ్ల ఆరోగ్యం అడిగాకే ప్రార్థన మొదలుపెడదాం.