బొగ్గు తరువాత ఏమి?

మీట నొక్కగనే ఇంటిలో దీపము వెలుగుచున్నది. ఆ వెలుతురు ఏ పొయ్యినుండి వచ్చినదో మనము సాధారణముగ విచారింపము. తెలుగునాట ఆ పొయ్యి చాలవరకు బొగ్గుపొయ్యియే. రామగుండములోని జాతీయ కేంద్రమునకు 2,600 మెగావాట్లు, విశాఖపట్టణమునకు చేరువనున్న సింహాద్రికి 2,000 మెగావాట్లు బొగ్గువలననే పుట్టించు శక్తి కలదు. దీనిని మాని సహజ వాయువును, సూర్యరశ్మిని వాడుకొనరాదా యని పలువురు అడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే, కాని ఒక్క మాటలో తేలునది కాదు.

బొగ్గును పిండిచేసి మండింతురు. ఆ వేడికి నీరు ఆవిరియగును. ఆవిరి టర్బైనును త్రిప్పును. దీనిని వాయువునకు మార్చుటకు రెండు మార్గములు కలవు. ఉన్న బాయిలరులో బర్నర్లను మాత్రము మార్చుట ఒకటి. ఖర్చు తక్కువ, కాని వృథా యగు వేడి తగ్గదు. వాయువును మొదట గ్యాసు టర్బైనులో మండించి, వెలువడిన వేడిపొగతో ఆవిరిచేసి మరియొక టర్బైనును త్రిప్పుట రెండవది. ఇందు ఇంధనశక్తిలో సగమునకు మించి విద్యుత్తగును; పాత బొగ్గు కేంద్రములలో అది సుమారు మూడవవంతే. బూడిద యుండదు. బొగ్గుపులుసు వాయువు సగమునకు పైగా తగ్గును.

అయినచో వెంటనే మార్చరాదా? మన అనుభవమునే చూతము. 2009 ఏప్రిల్‌లో కాకినాడ తీరమునకు ఆవల కృష్ణా–గోదావరి సముద్రగర్భమునుండి వాయువు రాసాగెను. దానిని నమ్ముకొని వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి కేంద్రములు నడచినవి. కొలది యేండ్లలోనే ఆ ఉత్పత్తి పడిపోయెను. 2013 నాటికి విద్యుత్కేంద్రములకు ఆ వాయువు అందకుండెను. కోట్ల రూపాయల యంత్రములు ఇంధనములేక నిలిచినవి. పొయ్యి మార్చుకొనుటకు ముందు వంటచెరకు ఎచ్చటనుండి వచ్చునో చూచుకొనవలెను గదా!

ఎండకు అట్టి చింత లేదు. రామగుండములో బొగ్గు కేంద్రపు జలాశయముపైననే, సుమారు 500 ఎకరముల నీటిమీద, 100 మెగావాట్ల సౌరఫలకములను తేలవేసిరి. 2022 జులైనుండి అది పూర్తిగా పనిచేయుచున్నది. భూమి ఖర్చు లేదు; నీడవలన నీరు ఆవిరియగుట తగ్గును; విద్యుత్తును కొనిపోవు తీగలు మున్నే కలవు. కాని లెక్క చూడుడు. ఆ ప్రకారము 2,600 మెగావాట్లకు 13,000 ఎకరములు కావలెను. అప్పటికిని రాత్రి యందు వెలుగు రాదు. మనము దీపములు వెలిగించునది సూర్యుడస్తమించిన తరువాతనే!

అందుచేత పగటి విద్యుత్తును దాచుకొనవలెను. నాగార్జునసాగరము, శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములలో నీటిని వెనుకకు పైకి తోడగల యంత్రములు కలవు. పగలు ఎండతో నీరు పైకెక్కించి, సాయంకాలము దింపినచో దీపము వెలుగును. పెద్ద బ్యాటరీలు మరియొక సాధనము.

కెనడాలో ఈరీ సరస్సు ఒడ్డునగల నాంటికోక్ బొగ్గు కేంద్రమును 2013 చివర మూసిరి. ఒకప్పుడది సుమారు 4,000 మెగావాట్లది. ఆ స్థలముననే 2019లో సౌరకేంద్రము వెలసెను. దాని శక్తి 44 మెగావాట్లు మాత్రమే. మిగిలిన లోటును ముఖ్యముగ అణుకేంద్రములు, వాయుకేంద్రములు పూడ్చినవి. ఒకటి పోయినచోట ఒక్కటే వచ్చి నిలువదు. పలువిధములైన ఏర్పాట్లు కలిసి నిలువవలెను.

యంత్రములకంటె పెద్ద ప్రశ్న మనుష్యులది. బొగ్గు కేంద్రమునకు అనుదినము వందలకొలది చేతులు కావలెను. గనిలో త్రవ్వువాడు, రైలులో చేర్చువాడు, బాయిలరు చూచువాడు, వీధిమొగమున టీకొట్టు పెట్టుకొన్నవాడు, అందరును ఆ పొగగొట్టము నీడనే బ్రదుకుచున్నారు. సౌరఫలకములు బిగించిన పిదప అన్ని చేతులు అక్కరలేదు. కేంద్రమును మూయు తేదీని నిర్ణయించు నాడే, ఆ కుటుంబములకు నేర్పవలసిన క్రొత్త పనిని, దానికి కావలసిన ధనమును గూడ నిర్ణయింపవలెను. సింగరేణి సంస్థయే సౌరకేంద్రములు నిర్మించుట ఈ త్రోవలో మంచి అడుగు.

బొగ్గు తరువాత ఏమి యన్న ప్రశ్నకు ఎండ, నిలువ, కొంత వాయువు అని ఇంజనీర్లు చెప్పగలరు. ఆ పనివారికి ఏమి యన్న ప్రశ్నకు మాత్రము దీపము వెలిగించుకొను మనమందరము సమాధానము చెప్పవలసియున్నది.