మూడోసారి ఆమె వెళ్ళిపోయినప్పుడు

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు చదివే నవలల గురించి మాట్లాడమన్నారు. వారపత్రికల సీరియళ్ళను దిండు కింద దాచుకుని చదివి, మర్నాడు సభకొచ్చి వాటినే తిట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అందుకని ఈరోజు తిట్టుతో మొదలుపెట్టను.

మా చెల్లెలి కూతురు నర్సింగు చదువుతోంది. వాళ్ళ హాస్టల్లో చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు నవల పోయిన సెలవుల్లో మా ఇంటికొచ్చింది. పేరు 'రిడీమింగ్ లవ్'. విమోచించే ప్రేమ అనుకోవచ్చు. రాసింది అమెరికన్ రచయిత్రి ఫ్రాన్సిన్ రివర్స్. 1991లో మొదట అచ్చయింది. 1997లో ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ మళ్ళీ వేసింది. 2022లో సినిమాగా కూడా వచ్చింది. చరిత్ర నేపథ్యంగా, భక్తి ముగింపుగా ఉండే ఇలాంటి ప్రేమకథలకు అక్కడ పెద్ద మార్కెట్టే ఉంది. "చదువు పెద్దమ్మా, ఏడుస్తావు" అంది పిల్ల. చదివాను. ఏడ్చాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే తరువాత మాట్లాడటం తేలిక.

కథ 1850 ప్రాంతపు కాలిఫోర్నియాలో జరుగుతుంది. 1848లో అక్కడ బంగారం బయటపడింది. ఎక్కడెక్కడి మగవాళ్ళూ గనుల మీద పడ్డారు. 1850 జనాభా లెక్కల నాటికి అక్కడ పదిమందిలో ఒక్కరు కూడా స్త్రీలు లేరు. అలాంటి చోట ఒక గనుల ఊళ్ళో ఏంజెల్ అనే అమ్మాయి వేశ్యాగృహంలో ఉంటుంది. పసితనంలోనే అమ్ముడుపోయింది. ఆమె గదిలోకి ఎవరు వెళ్ళాలన్నది మగవాళ్ళు చీట్లు తీసి తేల్చుకుంటారు. ఆ చీట్ల మీద వచ్చిన బంగారం ఆమె చేతికి రాదు, యజమానురాలి దగ్గరే ఉంటుంది. మైకేల్ హోషేయ అనే రైతు ఆమెను వీధిలో చూస్తాడు. ఈమెనే పెళ్ళిచేసుకోమని దేవుడు తనకు చెప్పాడని నమ్ముతాడు.

బైబిలు తెలిసినవాళ్ళకు ఆ పేరుతోనే అంతా అర్థమవుతుంది. హోషేయ ప్రవక్త గోమెరు అనే వ్యభిచారిణిని పెళ్ళాడతాడు. ఆ తరువాత పదిహేను తులాల వెండీ, కొంత యవల ధాన్యమూ ఇచ్చి ఒక స్త్రీని కొని తెచ్చుకుంటాడు. ఆమె గోమెరే అని సంప్రదాయం చెబుతుంది. దేవుడు తన జనాన్ని ఎంతగా ప్రేమించాడో చెప్పడానికి ఆ కాపురం ఒక ఉపమానం. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఆ వెండి లెక్క కంఠతా పట్టాను. గోమెరు ఆ గ్రంథం మొత్తంలో ఒక్క మాటా మాట్లాడదన్న సంగతి మాత్రం నలభై ఏళ్ళు దాటాక గాని గమనించలేదు. రెనీటా వీమ్స్ అనే నల్లజాతి బైబిలు పండితురాలు 1995లో దీని మీద 'బ్యాటర్డ్ లవ్' అని ఒక పుస్తకమే రాసింది. భార్యను నగ్నంగా నిలబెడతానని బెదిరించే భర్త నోట దేవుడి ప్రేమను చెప్పిస్తే వినే ఆడవాళ్ళకు ఏమవుతుందన్నది ఆమె ప్రశ్న.

ఫ్రాన్సిన్ రివర్స్ ఆ గోమెరుకు మాట ఇచ్చింది. ఆ మాట చాలాచోట్ల 'వద్దు' అనే. ఆ మెప్పు రచయిత్రికి దక్కాలి. నా పేచీ ఆ వద్దును కథ ఎలా విన్నదన్న దగ్గర మొదలవుతుంది.

పెళ్ళి సంగతే తీసుకోండి. ఏంజెల్ తన సంపాదన తనకిమ్మని యజమానురాలిని అడుగుతుంది. ఫలితంగా కాపలావాడి చేతిలో చావుదెబ్బలు తింటుంది. స్పృహ ఉండీ లేకుండా పడి ఉన్నప్పుడు మైకేల్ నన్ను పెళ్ళిచేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె నోట ఏదో ఒకటి వస్తుంది. పెళ్ళయిపోతుంది. ఆస్పత్రిలో ఆ స్థితిలో ఉన్న మనిషి చేత ఆపరేషనుకు వేలిముద్ర వేయించుకుంటే దాన్ని సమ్మతి అనవచ్చా అని మా పిల్లను అడిగాను. "అనకూడదు పెద్దమ్మా, క్లాసులో చెప్పారు" అంది. ఆ తరువాత కాసేపు మాట్లాడలేదు.

అతను మంచివాడే. ముట్టుకోడు, కొట్టడు, తొందరపెట్టడు. కానీ ఆమెకు తన ఇష్టం వచ్చిన పేర్లు పెడుతూంటాడు. మారా అంటాడు, అమాండా అంటాడు, తిర్సా అంటాడు. ఆమె అసలు పేరు అతనికి తెలియదు. తన బంగారం తాను తెచ్చుకుని స్వతంత్రంగా బతుకుదామని ఆమె పారిపోతుంది. బండిలో దింపిన మరిది వరసవాడు దారి ఖర్చు ఆమె శరీరంతో రాబట్టుకుంటాడు. తీరా వెళ్తే ఆ ఇల్లు తగలబడిపోయి ఉంటుంది. మైకేల్ వెతుక్కుంటూ వెళ్ళి, అడ్డొచ్చినవాళ్ళను కొట్టి, ఆమెను ఇంటికి తీసుకొస్తాడు. రెండోసారి వెళ్తుంది. మళ్ళీ తీసుకొస్తాడు. మనకు కన్నీళ్ళొచ్చేది ఇక్కడే. ఎందుకు రావు? ఎంత దూరం పోయినా ఒకరు మన కోసం వస్తారన్న ఆశ ఆడపిల్లల్లో ఎంత లోతున ఉందో ఈ పుస్తకాలు వేసేవాళ్ళకు బాగా తెలుసు. మా పిల్ల అడిగిందీ అదే. "నాకోసం ఎవరన్నా అలా వస్తారా పెద్దమ్మా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్నిది 1978లో పెళ్ళి. బాబాయి చదువుకున్నవాడు, చేయి చేసుకునేవాడు. మూడుసార్లు ఆమె పుట్టింటికి వచ్చేసింది. మూడుసార్లూ పెద్దలు కూర్చుని, ప్రార్థన చేసి, తిప్పి పంపారు. ఒకసారి ఆ పెద్దల్లో ఒకరు హోషేయ కథే చెప్పారు. అయితే చూడండి, ఆ కథలో క్షమించింది భర్త. పిన్నికి వచ్చేసరికి "నువ్వు హోషేయలాగా ఉండమ్మా" అన్నారు. ఇంట్లోంచి వెళ్ళిపోయింది కాబట్టి గోమెరూ ఆమే, క్షమించవలసింది ఆమే కాబట్టి హోషేయా ఆమే. బాబాయికి ఆ కథలో వేషమే లేదు.

1986లో ఆమె ఒక వకీలు దగ్గరకు వెళ్ళింది. అప్పటికి క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టమే గతి. భార్య వ్యభిచారం చేసిందని రుజువు చేస్తే భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకు భర్త కొట్టాడన్నది ఒక్కటే చాలదు, దానికి తోడు అతని వ్యభిచారం కూడా రుజువు చేయాలి. క్రూరత్వం మీద దొరికేది వేరుగా ఉండేందుకు ఉత్తర్వు మాత్రమే. 1995లో కేరళ హైకోర్టు ఆ అసమానతను తప్పుపట్టింది. దేశం మొత్తానికి మారింది 2001 సవరణతో. కథ జరిగిన కాలిఫోర్నియా సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. అక్కడ 1851 చట్టంలోనే తీవ్రమైన క్రూరత్వం మీద భార్య విడాకులు అడగవచ్చు. 1849 రాజ్యాంగంలోనే పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి ఉంచుకునే హక్కు రాశారు. (అక్కడి సభలో హాలెక్ అనే బ్రహ్మచారి, ఈ హక్కు ఇస్తే డబ్బున్న ఆడవాళ్ళు మన రాష్ట్రానికి వస్తారు, పెళ్ళికాని మగవాళ్ళంతా ఓటేయండని వాదించాడు. హక్కులు ఎన్ని దారుల్లో వస్తాయో!) ఇదంతా ఆ నేల చరిత్రే, కానీ నవలలో ఏంజెల్‌కు చట్టం అన్నది ఒకటుందని చెప్పినవాళ్ళు లేరు.

బాబాయి కోర్టుకెళ్ళి కాపురానికి రప్పిస్తానని బెదిరించేవాడు. ఆ బెదిరింపు ఉత్తది కాదు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ అనే సెక్షన్ హిందూ వివాహ చట్టంలోనూ ఉంది, క్రైస్తవుల చట్టంలోనూ ఉంది. ఇష్టంలేని స్త్రీని కాపురానికి రమ్మనడం ఆమె శరీరం మీద, గౌరవం మీద దాడి అని 1983లో సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ చౌదరి హిందూ వివాహ చట్టంలోని ఆ సెక్షన్‌ను కొట్టేశారు. ఆ తీర్పు వచ్చిన రోజుల్లో మేము దాన్ని చేతిరాతతో కాపీలు తీసి పంచుకున్నాం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని తేల్చింది. భార్య ఇష్టం లేకుండా భర్త చేసే బలాత్కారం ఇప్పటికీ మన చట్టంలో సాధారణంగా అత్యాచార నేరం కాదు. వెళ్ళిపోయిన భార్యను బండెక్కించి తెచ్చుకోవడాన్ని ప్రేమగా చదివేటప్పుడు ఈ కాగితాలన్నీ నా వేళ్ళకు తగులుతూనే ఉన్నాయి.

ఇక్కడితో ఆపితే పుస్తకానికి అన్యాయం చేసినదాన్నవుతాను. ఎందుకంటే ఏంజెల్ మూడోసారి కూడా వెళ్ళిపోతుంది. ఈసారి మైకేల్ వెళ్ళడు. వెళ్ళకుండా ఉండటమే కష్టమని తెలిసీ, ఎదురుచూస్తాడు. ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో వంటపని చేస్తుంది. చిన్నప్పుడు తనను చెరిచినవాడి చేతిలో మళ్ళీ పడి, బయటపడుతుంది. వృత్తి మానుకోవాలనుకునే అమ్మాయిల కోసం ఒక ఇల్లు నడుపుతుంది. అలా మూడేళ్ళు. తరువాత తనంతట తానే తిరిగి వెళ్తుంది. అప్పుడు తన అసలు పేరు చెబుతుంది, సారా అని. ఎవరూ తీసుకురాని రోజునే ఆ పేరు ఆమె నోట వచ్చింది. రచయిత్రికి ఇది తెలిసే రాసిందా, కథ ఆమె చేయి దాటి తానే అటు నడిచిందా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. తెలిసి రాసి ఉంటే మొదటి రెండుసార్లు తెచ్చుకోవడాన్ని అంత ముచ్చటగా రాయదు.

మా పిల్లకు ఇదంతా పాఠంలా చెప్పలేదు. ఆ చివరి భాగం ఒక్కటీ మళ్ళీ చదవమన్నాను. చదివి, పేజీలు లెక్కపెట్టి, "అన్ని వందల పేజీల్లో మూడేళ్ళకి ఇంతేనా పెద్దమ్మా? ఆ ఇల్లు ఎలా నడిపింది, అద్దె ఎవరు కట్టారు, ఆ అమ్మాయిలు ఏమయ్యారు?" అంది. మనం రాయవలసిన నవల అదే కదా అన్నాను. నవ్వింది.

పిన్ని ఇప్పుడు డెబ్బై దాటింది. విడాకులు తీసుకోలేదు, కాపురానికీ వెళ్ళలేదు. జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఈ ప్రసంగానికి తయారవుతూ పోయిన ఆదివారం ఆమెకు కథంతా చెప్పాను. సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది. మైకేల్ గురించి ఏమీ అనలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఆ పిల్ల సంపాదించుకున్న బంగారం చివరికి ఎవరు తిన్నారే?"