విత్తనపు నిద్ర

అనంతపురము నుండి బెంగుళూరు పోవు రహదారిపై, రాప్తాడు చుట్టును ఎఱ్ఱనేలలు కలవు. జిల్లాలో ఏటి వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. ఆ సగటును నమ్మి సేద్యము చేయువాడెవ్వడు? జూనులో ఒక పదును అయినంతమాత్రమున జులైలో మరియొకటి అగునను పూచీ లేదు. ఇట్టిచోట మొలకెత్తుట యెంత ముఖ్యమో, మొలకెత్తక ఆగియుండుటయు అంత ముఖ్యము.

పల్లేరుకాయను చూడుడు. చెప్పులు లేని కాళ్లకు అది చిరపరిచితమే! పండిన కాయ ముళ్లతోకూడిన తునకలుగా విడిపోవును. ఒక్కొక్క తునకలో కొన్ని గింజలు, వేరువేరు గదులలో వలె, ఉండును. తడి తగిలినప్పుడు సాధారణముగా వానిలో పెద్ద గింజ ముందు మొలచును. తక్కినవి నిద్రించుచుండును. మొలచినది ఎండిపోయినను వంశము నిలుచును.

ఈ నిద్రకొక లెక్క కలదు. ఒక మొక్క గింజలన్నియు తొలివానకే మొలచుననుకొందము. తొమ్మిదేండ్లు పదింతలుగా పెరిగినను, పదవయేట వాన మోసగించినచో మిగులునది సున్న. కొన్నిటిని మట్టిలో దాచుకొన్న మొక్క మంచియేట కొంత నష్టపోవును గాని, చెడ్డయేట బ్రతుకును. 1966లో డాన్ కోహెన్ అను ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు దీనిని గణితముగా చూపెను. చెడ్డయేండ్ల బెడద హెచ్చినకొలది, నిద్రించు గింజల వంతు హెచ్చుటయే ఆ జాతికి మేలని ఆయన లెక్క తేల్చెను.

మరియొక ఫలము కూడ కలదు. మట్టిలో పలు సంవత్సరముల సంతానము కలిసియుండుటచే, ఒక్క కరువు ఏరివేసిన గుణము పూర్తిగా నశింపదు. పాత గింజ లేచి దానిని మరల తెచ్చును. పరిణామము నెమ్మదించును, వైవిధ్యము నిలుచును.

ఆ పల్లేరు మొలచు చేనిలోనే మన వేరుసెనగయు ఉన్నది. తీగ రకములకు నిద్ర కలదు. గుత్తి రకములకు అది దాదాపు లేదు. 1940లో తిండివనము నుండి వెలువడి ఈ జిల్లాలో దశాబ్దములు పాదుకొన్న టి.ఎం.వి. 2 గుత్తి రకమే. త్వరగా కోతకు వచ్చుట దాని గుణము. వానకొరత నేలకు అదియే కావలెను. అయితే కోతవేళ ముసురు పట్టినచో, ఎండను తట్టుకొని నిలిచిన కాయ నేలలోనే మొలకెత్తును. ఏడాది కష్టము అట్లు పోవును.

అందుచే ప్రజనన శాస్త్రజ్ఞులు గుత్తి రకములకు రెండు మూడు వారముల నిద్రను కోరుచున్నారు. అంతకు మించినచో రబీకి ఆ విత్తనము వెంటనే పనికిరాదు. పల్లేరు వలె ఏండ్ల తరబడి ఆగు గుణము పంటకు తగదు. ఆ పని రైతే చేయవలెను. తొలిపదునుకు అంతయు చల్లక కొంత విత్తనము ఇంట నుంచుకొనుట మేలని చెప్పుట సులభమే. వేరుసెనగలో విత్తనపు ఖర్చే పెద్దది. అప్పుతో గింజలు కొన్నవానికి ఆగుటయు ఒక వ్యయమే.